ఇరవై రెండో నిబంధన

జేబులో చెయ్యి పెడితే తాడు తగిలింది గానీ పుస్తకం తగల్లేదు. మినోరి చెయ్యి బయటికి తీసి మళ్ళీ పెట్టింది. తాడు ఉంది, చుట్టలు చుట్టుకుని ఉండే తెల్ల ప్లాస్టిక్ తాడు, దాని కొసన కొక్కెమూ ఉంది, ఆ కొక్కేనికి వేలాడాల్సిన అరచేయంత పుస్తకం మాత్రం లేదు. ఎడమ జేబు చూసింది. చేతిగుడ్డ, కత్తెర, రెండు పెన్నులు. మళ్ళీ కుడి జేబు. ఒకసారి చూసిన జేబులోకి రెండోసారికి పుస్తకం ఎక్కణ్ణుంచి ఊడిపడుతుంది, అయినా చెయ్యి ఊరుకోదు కదా, బల్ల కింద అటూ ఇటూ దేవులాడుతూనే ఉంది. గోడ గడియారంలో మూడు గంటలా ఐదు నిమిషాలు. నాలుగింటికి కుజె టీచర్ లేచి నిలబడుతుంది, వరస నంబర్ల ప్రకారం పిలుస్తుంది, పిలిచినవాళ్ళు వెళ్ళి పుస్తకం చూపించి, అందులో ఆ రోజు వార్డులో రాసుకున్న కాగితాలు ఆమె కళ్ళ ముందే చింపి మూలనున్న మిషన్లో వెయ్యాలి. అది గరగరలాడుతూ వాటిని సేమ్యా పోగుల్లా కోసి కింద పడేస్తుంది. రోజూ జరిగే తంతే. నిన్న మినోరి ఆ మిషన్ దగ్గర నిలబడి ఆవులించింది కూడా. ఆవులించింది! ఇవాళ ఆ మిషన్ కనపడకుండా కుర్చీ పక్కకి తిప్పుకుంది.

గదిలో ఐదుగురు నర్సింగ్ విద్యార్థినులు, పొడుగాటి బల్ల, బల్ల తలాపున కుజె టీచర్. ఎవరూ మాట్లాడరు. మూడు నుంచి నాలుగు దాకా రికార్డులు రాసుకునే గంట, ఆ గంటలో రోగులు పడుకుంటారు, నర్సులు డ్యూటీ మార్చుకుంటూ ఒకరికొకరు అప్పజెప్పుకుంటారు, విద్యార్థులు వార్డు వైపు అడుగు పెట్టకూడదు. నలభయ్యో నిబంధన. పెన్నుల చప్పుడు, టీచర్ చేతిలో ఎర్ర సిరా పెన్ను గీతల చప్పుడు, కిటికీ అవతల మంచు కలిసిన వాన. పక్కనే కూర్చున్న రిహో ఒకసారి తలెత్తి చూసి మోచేత్తో పొడిచింది. "ఏంటే, మొహం అలా పాలిపోయింది? మధ్యాహ్నం తిన్న అన్నం ముద్ద ఎదురు తిరిగిందా?" అని పెదవులు కదలకుండా గుసగుసలాడింది. రిహోకి అది వచ్చు, రెండేళ్ళుగా ఈ స్కూల్లో నేర్చుకున్న విద్యల్లో అన్నిటికన్నా బాగా వచ్చింది అదే. మినోరి తల అడ్డంగా ఊపింది. చెబితే రిహో ఏం చేస్తుంది పాపం, దాని గుండె కూడా జారిపోతుంది, అంతే. కాగితం మీద 'ఇవాళ్టి లక్ష్యం' అని రాసి ఉంది, కింద ఖాళీ. ఇవాళ్టి లక్ష్యం: పాదస్నానం ద్వారా రోగికి హాయి కలిగించుట. హాయి! దేవుడా.

ఎక్కడ పెట్టింది? ఆలోచించు. తలుపు దగ్గర కాదు, చేతులు కడుక్కునే చోట కాదు. ఎక్కడో తెలుసు, జేబులో చెయ్యి పెట్టిన క్షణంలోనే తెలిసింది, మనసు మాత్రం తక్కిన చోట్లన్నీ వెతికి వస్తోంది, ఆ ఒక్క చోటికీ వెళ్ళకుండా ఉండడానికి. నాలుగు వందల పన్నెండో గది, కిటికీ పక్క మంచం, నుకాదా తాతగారు. మధ్యాహ్నం ఒంటిగంటన్నర. బకెట్లో నీళ్ళు, థర్మామీటరు పెట్టి చూస్తే సరిగ్గా నలభై డిగ్రీలు. ఆయన మంచం అంచున కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టి "అబ్బా" అన్నారు, కడుపులోంచి వచ్చిన అబ్బా. వంగి మడమ రుద్దుతుంటే జేబులోంచి పుస్తకం జారి తాడుకి వేలాడుతూ ఆయన పిక్కకి తగిలింది, ఒకసారి, రెండుసార్లు, మూడోసారి నీళ్ళలో మునగబోయింది. కొక్కెం విప్పింది. విప్పి, పుస్తకాన్ని పొడి తువ్వాలు మీద, ఆయన కుడిచేతి పక్కన పెట్టింది. తర్వాత మోకాళ్ళు చల్లబడతాయని పైన దుప్పటి కప్పింది. అంతే. ఎంతసేపు పట్టింది? రెండు క్షణాలు. చిన్న పుస్తకాన్ని తాడు నుంచి ఏ సందర్భంలోనూ విడదీయరాదు. ఇరవై రెండో నిబంధన. అరవై ఎనిమిది నిబంధనల్లో ఆ ఒక్కటీ ఆమె నోటితో చదివిందే.

ఏప్రిల్ నెల, చేరిన మొదటి రోజు, హాల్లో అందరూ లేచి నిలబడ్డారు, చేతుల్లో నీలం అట్ట పుస్తకం, నడవడి నిబంధనలు. ఒక్కొక్కరూ ఒక్కొక్కటి గట్టిగా చదవాలి. జుట్టు కాలరుకి తగలరాదు. అరచేతి వైపు నుంచి చూస్తే గోరు కనపడరాదు. యూనిఫాంతో వీధిలోకి పోరాదు. రోగి ఇచ్చినది కమలాపండు అయినా సరే పుచ్చుకోరాదు. వెనక కుర్చీల్లో తల్లులు. అమ్మ తన ఒకే ఒక్క నల్ల సూటు వేసుకుని వచ్చింది, చేపల కర్మాగారంలో సెలవు పెట్టి, చేతులు ఎంత తోమినా పోని వాసనతో. ఇరవై రెండో నంబరు రాగానే మినోరి గొంతు సన్నగా పీలగా లేచింది. చదివి వెనక్కి చూస్తే అమ్మ కళ్ళు తుడుచుకుంటోంది, కూతురు తాడు గురించి చదివినందుకు! ఇంటికి వెళ్ళేటప్పుడు బస్సులో అడిగింది, "ఇన్నున్నాయేమిటే, జైల్లో కూడా ఇన్ని ఉండవేమో, అన్నీ గుర్తుంటాయా నీకు?" అని. "ఉంటాయిలే అమ్మా," అంది మినోరి. గుర్తున్నాయి. అన్నీ గుర్తున్నాయి. గుర్తుండడం వేరు, పిక్కకి పుస్తకం తగులుతుంటే చెయ్యి ఆగడం వేరు.

ఇరవై మూడో నిబంధన ఎవరు చదివారు? పక్కన నిలబడ్డ రిహో. పుస్తకం పోయినచో ఐదు నిమిషాలలోగా ఉపాధ్యాయురాలికి తెలియజేయవలెను. ఇప్పుడు గడియారంలో మూడూ పద్నాలుగు. ఐదు నిమిషాలు ఎప్పుడో పోయాయి. ఐదు నిమిషాల లోపల చెబితే అది పొరపాటు, ఆరో నిమిషం నుంచీ దాపరికం. చూస్తూ చూస్తూ ఒక పేరు నుంచి ఇంకో పేరులోకి జారిపోయింది తను, ఈ కుర్చీలోంచి కదలకుండానే. ఇప్పుడు చెబితే, ఇంతసేపూ ఏం చేశావు అంటారు. చెప్పకపోతే నాలుగవుతుంది. చెప్పినా కొంప మునుగుతుంది, చెప్పకపోయినా మునుగుతుంది, అయినా నోరు పెగలదు. కుజె టీచర్ పేజీ తిప్పింది. ఆవిడ తిప్పే ప్రతి పేజీకీ మినోరి భుజాలు ఉలిక్కిపడుతున్నాయి.

ఆమె పేరు మీద ఒక ఎర్ర హెచ్చరిక చీటీ ఇప్పటికే ఉంది. జూన్ నెలలో బస్సులో రిహోతో అంది, "ఇవాళ మా తాతగారు మూడు చెంచాలు తిన్నారే!" అని. అప్పుడు తను చూసుకుంటున్న రోగి, వారం రోజులుగా ఏమీ తినని మనిషి, మూడు చెంచాలు తిన్నాడన్న సంబరం పట్టలేక అన్న మాట. వెనక సీట్లో ఎవరో పెద్దాయన కూర్చున్నాడు, చాలా మర్యాదగా స్కూలుకి ఫోన్ చేశాడు, మీ పిల్లలు రోగుల సంగతులు బస్సులో మాట్లాడుకుంటున్నారు, శ్రద్ధ తీసుకోగలరు అని. ఇద్దరికీ చెరొక ఎర్ర చీటీ. రెండోది వస్తే కమిటీ, కమిటీ అంటే ఇంటికే. సెరా అక్క అలాగే పోయింది, పై క్లాసులో ఉండేది, కొత్త చేతి గడియారం ఫోటో తీసి ఫోన్లో పెట్టింది, ఆ ఫోటోలో వెనకాల వార్డు బోర్డు, బోర్డు మీద నాలుగు పేర్లు. సోమవారం ఉన్న మనిషి బుధవారానికి లేదు. ఎవరూ ఏమీ అనలేదు, తిట్టలేదు, అరవలేదు. బూట్ల అర మీద ఆమె పేరు చీటీ పీకేశారు, జిగురు మరక మిగిలింది, అంతే. ఆ మరక మీద వేరే పేరు అంటించడానికి ఎవరికీ మనసొప్పక ఆ అర ఇప్పటికీ ఖాళీ. రోజూ పొద్దున్న బూట్లు విప్పేటప్పుడు మినోరి దాన్ని చూడకుండా తన బూట్లు పెట్టుకుంటుంది. రేపు తనదీ అంతే. అమ్మ ఫోన్ ఎత్తుతుంది, కర్మాగారంలో మోటర్ల హోరులో, "ఏమిటీ? వినపడటం లేదు, గట్టిగా చెప్పు," అంటుంది, ఆ మాట గట్టిగా చెప్పాలి.

సరే, ఒకవేళ అక్కడ లేదనుకుందాం. దుప్పటి దులిపినప్పుడు కింద పడి మంచం కిందకి పోయిందనుకుందాం. పొద్దున్న ఊడ్చేటప్పుడు దొరుకుతుంది, ఎవరికి దొరికినా ఏం తెలుస్తుంది? పేరు రాయలేదు. నిబంధన ప్రకారం పేరు రాయకూడదు, గది నంబరు రాయకూడదు, వయసు కూడా సరిగ్గా రాయకూడదు. 'అ' గారు, ఎనభైల్లో, అని రాసింది. బుద్ధిమంతురాలు! ఆ పుస్తకం బస్సులో దొరికినా, బజార్లో దొరికినా, సముద్రంలో పడి ఇంకో దేశంలో తేలినా ఎవరి గురించో ఎవరికీ తెలియదు. ప్రపంచం మొత్తంలో ఒక్క మనిషికే తెలుస్తుంది. ఆ ఒక్క మనిషి కుడిచేతి పక్కనే దాన్ని పెట్టి వచ్చింది తను.

ఏం రాసిందో ఒక్కో అక్షరమూ కళ్ళ ముందుంది. క్యాన్సర్ కాలేయానికి పాకింది. వసంతం దాటకపోవచ్చు. కూతురి కోరిక: ఆయనకి చెప్పకూడదు. కడుపులో పుండు అనే చెప్పాలి. పుండు అన్న మాట కింద గీత కూడా గీసింది, మరిచిపోయి ఎక్కడ నోరు జారుతుందోనని. పొద్దున్న పెద్ద నర్సు గడగడా చెప్పుకుపోతుంటే గుండ్రంగా, అందంగా, చదవడానికి వీలుగా రాసుకుంది. చిన్నప్పటి నుంచీ అందరూ మెచ్చుకునే దస్తూరి. ఛీ, కోడి గీతల్లా రాసి ఉంటే ఎంత బాగుండేది.

అప్పుడు గుర్తొచ్చింది కళ్ళజోడు. గుండె మీంచి రాయి కాస్త పక్కకి జరిగినట్టయింది. బకెట్ ఆవిరికి అద్దాలు మసకబారాయని ఆయనే తీసి చేతికిచ్చారు, మినోరి వాటిని తుడిచి, మడిచి, డబ్బాలో పెట్టి, డబ్బాని సొరుగులో పెట్టింది. "సొరుగులో పెడుతున్నానండీ, రెండో దాంట్లో," అని చెప్పింది కూడా. కళ్ళజోడు లేకపోతే ఆయనకి గోడ మీద కేలండరు కూడా కనపడదు, మొన్న తన మొహం చూసి ఇంకో నర్సు పేరు పెట్టి పిలిచారు. కాళ్ళు కడిగించుకున్నాక ఆయన ఎప్పుడూ నిద్రపోతారు. నిద్రపోయే ఉంటారు. సొరుగు మూసే ఉంటుంది. పుస్తకం దుప్పటి మడతలోనే ఉంటుంది. ఉంటుంది, ఉంటుంది. మూడూ ఇరవై ఒకటి.

యాభై ఏళ్ళు చాపలు కుట్టిన మనిషి. ఈ ఊళ్ళో సగం ఇళ్ళలో నేల మీద పరిచి ఉన్న గడ్డి చాపలు ఆయన కుట్టినవే. కుట్టేటప్పుడు దారం బిగించడానికి మోచేత్తో అదిమి అదిమి కుడి మోచేయి మీద కాయ కాసి ఉంది, గచ్చకాయంత. మొదటి రోజు దానికి కట్టు కట్టబోయింది మినోరి, ఏదో దెబ్బ అనుకుని. ఆయన నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నారు. "స్టూడెంటమ్మా, అది నా సర్టిఫికెట్టు. నీకింకా రాలేదుగా, అప్పుడే నాది మూసేస్తావా?" అన్నారు. రోజూ ఒక కమలాపండు తీసి ఇవ్వబోతారు, రోజూ మినోరి వద్దంటుంది, నిబంధన అంటుంది. "పండు కూడా లంచమేనా? మీ స్కూలు కంటే పోలీస్ స్టేషను నయం కదమ్మా!" అని తనే వలుచుకుని, సగం తిని, తక్కిన సగం కిటికీలో పెడతారు. ఆ సగం ఎవరికో చెప్పరు. నాలుగింటికి ఉతికిన పైజమాలు పట్టుకుని కూతురు కజుయో వస్తుంది, బయట మెట్ల దగ్గర కళ్ళు ఒత్తుకుని, లోపలికి వచ్చేసరికి నవ్వుతుంది. "నాన్నా, డాక్టరు గారు పుండు మానుతోందన్నారు!" అంటుంది. అంత అందంగా అబద్ధం చెప్పడం చూస్తే మినోరికి ఒళ్ళు జలదరిస్తుంది. ఎందుకంటే అది తనకి కొత్త కాదు.

వద్దు, ఆ సంగతి ఇప్పుడు వద్దు. కానీ వద్దంటే ఆగుతుందా. పదకొండేళ్ళప్పుడు, ఇదే ఊళ్ళో ఇంకో ఆసుపత్రి, ఇలాంటి కిటికీయే, నాన్న మంచం మీద కూర్చుని పెర్సిమన్ పండు తొక్క తీస్తున్నాడు, వలలు లాగిన చేతులు, తొక్క తెగకుండా ఒక్కటే పొడుగ్గా దిగుతోంది. అమ్మ బయట డాక్టరుతో మాట్లాడుతోంది. అంతకుముందే మినోరిని మెట్ల దగ్గర ఆపి భుజాలు గట్టిగా పట్టుకుని చెప్పింది, నాన్న ఏమడిగినా పుండనే చెప్పు, నీకు దణ్ణం పెడతాను అని. నాన్న తలెత్తకుండానే అడిగాడు. "డాక్టరు అమ్మతో ఏమన్నాడే?" "పుండట నాన్నా," అంది మినోరి. ఒక్క క్షణం తొక్క ఆగింది. నాన్న తనవైపు చూశాడు, చాలాసేపు చూశాడు, కోపం లేదు, ఏమీ లేదు ఆ చూపులో. "అయితే సరే," అన్నాడు. మళ్ళీ తొక్క తియ్యడం మొదలుపెట్టాడు. మంచు కురవకముందే పోయాడు. తొమ్మిదేళ్ళుగా ఆ మాట చెవిలో ఉంది, అయితే సరే. నమ్మాడా? నమ్మి పోయాడా? తన అబద్ధాన్ని నమ్మిన మనిషి చెయ్యాల్సిన పనులేవో చెయ్యకుండా, చెప్పాల్సిన మాటలేవో చెప్పకుండా, ఇంకా టైముందిలే అనుకుంటూ పోయాడా? నర్సు ఎందుకవుదామనుకున్నావు అని ప్రవేశ పరీక్షలో అడిగితే ఇంకేదో చెప్పింది, మనుషులకి సేవ అనో ఏదో.

దూరంగా సముద్రం మీద ఉరిమింది. బురి చేపల ఉరుము. చలికాలం మొదట్లో ఇలా ఉరిమితే వలల నిండా బురి చేపలొస్తాయని ఊరంతా సంతోషిస్తుంది, నాన్న అయితే అన్నం తింటూ తింటూ లేచి తలుపు తీసేవాడు. మినోరి చేతిలో పెన్ను కింద పడింది. కుజె టీచర్ తలెత్తి చూసి, మళ్ళీ దించుకుంది. ఇంత పెద్ద ఉరుముకి నుకాదా తాతగారు లేవకుండా ఉంటారా? లేస్తారు. లేచి దుప్పటి సర్దుకుంటారు. చేతికి ఏదో గట్టిగా తగులుతుంది. ఏమిటిది అనుకుంటారు. మనిషన్నాక చేతికి దొరికినది ఏమిటో చూడకుండా ఉంటాడా. కళ్ళజోడు కోసం తడుముకుంటారు. సొరుగులో పెడుతున్నానండీ, రెండో దాంట్లో. అయ్యో, చెప్పి మరీ పెట్టిందే! దారి చూపించి మరీ వచ్చిందే! రెండో సొరుగు ఎడమ చేతికి అందేంత దూరం.

మూడూ ముప్ఫై మూడు. ఇప్పుడు ఆయన చదువుతూ ఉంటే? ఈ క్షణంలో, ఆరు గదులవతల, మధ్యలో ఒక పొడుగాటి వరండా, అంతే దూరం. గుండ్రటి అక్షరాల మీద వేలు పెట్టి చదువుతూ ఉంటే. వసంతం దాటకపోవచ్చు. అలాంటి మాట ఒక డాక్టరు పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని చెప్పాలి, లేకపోతే ఎవరూ చెప్పకూడదు. ఇరవయ్యేళ్ళ స్టూడెంటు తువ్వాలు మీద మరిచిపోయి పోవాల్సిన మాట కాదు.  అరగంట నుంచి తను దేని గురించి వణుకుతోంది? ఎర్ర చీటీ గురించి, బూట్ల అర గురించి, అమ్మ ఫోన్ గురించి. ముందుగా తట్టింది అదే, అరవై ఎనిమిది నిబంధనల్లో తనకి పడే శిక్ష. ఆయన ఆ తర్వాతే తట్టారు. ఆ సంగతి తెలిసేసరికి ఇంకో రకం భయం వేసింది, ఇందాకటి దానికన్నా చల్లగా, వెన్నులోంచి. ఏం మనిషిని నేను అనుకుంది.

నాలుగింటికి కజుయో వస్తుంది. మెట్ల దగ్గర కళ్ళు ఒత్తుకుని, నవ్వు తగిలించుకుని, పుండు మానుతోంది నాన్నా అంటుంది, ఆయన చేతిలో ఆ పుస్తకం ఉంటుంది. అందులో 'కూతురి కోరిక' అని ఉంటుంది. ఎవరి మొహం ఎవరు చూడగలరు అప్పుడు? లేదు, ఇంకా పడుకునే ఉన్నారేమో. ఇంకా టైముందేమో. ఉంటే అది ఇప్పుడే, కూర్చుంటే అయిపోతుంది. లేవవే, లే.  మూడూ ముప్ఫై తొమ్మిది. బల్ల అంచు పట్టుకుంది. మూడూ నలభై. రిహో తిరిగి చూసింది. లేవాలనుకుని లేచిందో, కుర్చీయే వెనక్కి పోయిందో తెలియదు, గదిలో పెన్నులన్నీ ఆగిపోయాయి, మినోరి నిలబడి ఉంది.

"టీచర్. నా పుస్తకం పోయింది."

కుజె టీచర్ ఎర్ర పెన్ను మూత పెట్టింది. యాభై ఏళ్ళ మనిషి, నవ్వడం ఎవరూ చూడలేదు, కేకలు వెయ్యడమూ ఎవరూ వినలేదు. "ఎప్పుడు తెలిసింది, షిమాతానీ?" అంది. ఇంటిపేరుతోనే పిలుస్తుంది అందర్నీ.

"మూడు గంటలా ఐదు నిమిషాలకి."

"ఇప్పుడు మూడూ నలభై రెండు. ముప్ఫై ఏడు నిమిషాలు ఏం చేశావు?"

"భయపడ్డానండీ," అంది మినోరి. ఇంకేదైనా చెబుదామన్నా ఇంకేమీ లేదు.

 టీచర్ లేచి తలుపు తీసింది. ఎక్కడ పెట్టావని నడుస్తూ అడిగింది, మినోరి చెప్పింది, కొక్కెం విప్పిన సంగతీ చెప్పింది, పేజీలో ఏముందో కూడా చెప్పింది, చెబుతుంటే టీచర్ అడుగులు పెద్దవయ్యాయి. పరుగెత్తరాదు, ముప్ఫై ఐదో నిబంధన, ఆవిడ దాదాపు పరుగెత్తింది. నాలుగు వందల ఏడు. ఎనిమిది. వరండా కొస వరకూ బూట్ల రబ్బరు కిర్రుకిర్రుమంటోంది. తొమ్మిది. నిద్రపోతూ ఉండాలి. పది. సొరుగు మూసి ఉండాలి. పదకొండు. మినోరి ఎవరికి మొక్కుతోందో తనకే తెలియదు, నాన్నకేనేమో.

నుకాదా తాతగారు మెలకువగానే ఉన్నారు. దిండుకి ఆనుకుని కిటికీ వైపు చూస్తున్నారు. వీళ్ళని చూసి, ఎదురు చూస్తున్న మనిషిలా, దుప్పటి మీద ఉన్న పుస్తకం తీసి చాపారు. "ఇదిగోనమ్మా, ఇక్కడ పడిపోయింది. ఇందాకే చేతికి తగిలింది. బెల్లు నొక్కుదామనుకున్నా, మీ వాళ్ళంతా పని మీద ఉంటారు కదా అని ఊరుకున్నాను."

కుజె టీచర్ రెండు చేతులా అందుకుని నడుం విరిగేలా వంగింది. మినోరి ఇంకా కిందకి వంగింది. "క్షమించాలి. మా విద్యార్థి పొరపాటు, నా పొరపాటు. మీరు... లోపల ఏమైనా..."

"నేనా?" అని నవ్వారాయన. "కళ్ళజోడు లేకపోతే నాకు ఏనుగుని చూపించినా దూడ అంటాను. మీ చీమ తలకాయంత అక్షరాలు నాకెక్కడ ఆనతాయమ్మా?"

వంగిన మినోరికి దుప్పటి అంచు కనపడుతోంది. అంచు మీద, ఆయన ఎడమచేతి పక్కన, కళ్ళజోడు. కాడలు తెరుచుకుని ఉంది. దాని వెనక రెండో సొరుగు వేలెడంత తెరిచి ఉంది. మినోరి తల ఎత్తలేకపోయింది. ఎత్తితే ఆయన మొహం చూడాలి. ఎత్తింది. ఆయన తననే చూస్తున్నారు. కోపం లేదు, ఏమీ లేదు ఆ చూపులో.

"విశ్రాంతి తీసుకోండి," అంటోంది టీచర్, గొంతు ఎప్పటిలాగే ఉంది. "ఉరుములకి నిద్ర చెడింది మీకు. పుండు మానాలంటే నిద్ర ముఖ్యం."

"అయితే సరే," అన్నారు నుకాదా తాతగారు, మినోరి మీంచి చూపు తిప్పకుండానే. తర్వాత కిటికీలోంచి సగం కమలాపండు తీసుకుని, తొన ఒలుచుకోవడం మొదలుపెట్టారు. "నాలుగవుతోంది కదూ, మా అమ్మాయి వచ్చే వేళయింది. దాని ముందు ఈ పుస్తకాల గొడవ ఎత్తకండేం? అసలే అది పిరికిది."

వరండాలోకి ఎలా వచ్చిందో మినోరికి తెలియదు. అయితే సరే. అదే మాట, అదే చూపు, పండు మీదికి మళ్ళిన అదే వేళ్ళు. తెలుసు. నాన్నకి తెలుసు. తొక్క ఆగిన ఆ క్షణంలోనే తెలుసు, అంతకుముందే తెలుసేమో కూడా, పదకొండేళ్ళ పిల్ల నోట అబద్ధం ఎలా వణుకుతుందో తండ్రికి తెలియదా, తెలిసే, ఆ పిల్ల మోయలేని దాన్ని తన చేతుల్లోకి తీసుకున్నాడు. తొమ్మిదేళ్ళు. తొమ్మిదేళ్ళుగా తను నాన్నని మోసం చేశాననుకుంది. ఏడుపు పొంగుకొచ్చింది, వార్డులో ఏడవరాదు, ఆ నిబంధన ఎన్నోదో ఎంతకీ గుర్తు రాలేదు, గోడ పట్టుకుని నిలబడింది.

ఇప్పుడు ఊరుకుంటే అయిపోతుంది. ఆయన చదవలేదన్నారు, టీచర్ విన్నది, పుస్తకం దొరికింది. విడదీసినందుకూ ఆలస్యంగా చెప్పినందుకూ ఏదో అంటారు, రోగి చదవలేదు కాబట్టి చీటీ లేకుండా తప్పిపోవచ్చు కూడా. ఆయన ఇచ్చిన దారి అది. పుచ్చుకోవచ్చా? కమలాపండు అయినా సరే పుచ్చుకోరాదు. పైగా తెలిసిపోయిన మనిషిని ఆ మంచం మీద ఒంటరిగా వదిలేసి, రేపటి నుంచి అందరూ పుండు పుండు అంటుంటే తను కూడా అంటూ తిరగాలి. ఇంకోసారి. భయం ఎక్కడికీ పోలేదు. ఆ భయంతోనే రెండడుగులు వేసి టీచర్ని అందుకుంది.

"టీచర్. ఆయన చదివారండీ. కళ్ళజోడు సొరుగులో పెట్టింది నేనే. ఇప్పుడు దుప్పటి మీద ఉంది."

కుజె టీచర్ ఆగింది. చేతిలో చిన్న పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పింది. 

"నేనూ చూశాను," అంది టీచర్.

వరండా అవతల మెట్ల తలుపు తెరుచుకుంది. పైజమాల సంచీ పట్టుకుని కజుయో వచ్చింది, వీళ్ళని చూసి వంగి నమస్కారం పెట్టి, మొహం మీద నవ్వు సర్దుకుంటూ తండ్రి గదిలోకి వెళ్ళింది. "నాన్నా! ఎలా ఉన్నావు?" అన్నది ఇక్కడికి వినపడింది. జవాబూ వినపడింది. "నాకేంటే, మహారాజులా ఉన్నాను. కాళ్ళు కూడా కడిగించుకున్నా."

"డాక్టరుకి చెప్పాలి," అంది కుజె టీచర్ మెల్లగా. "ఆయనకి తెలుసన్న సంగతీ, అది కూతురికి తెలియకూడదని ఆయన అనుకుంటున్న సంగతీ, రెండూ. ఆ మాట మోయాల్సింది నువ్వొక్కదానివే కాదు. జరిగిన దాని మీద నువ్వొక కాగితం రాయాలి, నేనొకటి రాయాలి. చీటీ వస్తుంది, షిమాతానీ. కమిటీ ఏమంటుందో నేను చెప్పలేను."

"తెలుసండీ." గొంతు సన్నగా పీలగా లేచింది, ఏప్రిల్ నెలలో హాల్లో లేచినట్టే. "రేపు... ఆయన కాళ్ళు ఎవరు కడుగుతారండీ?"

 టీచర్ మినోరి జేబులోంచి వేలాడుతున్న తాడు కొస పట్టుకుని, పుస్తకాన్ని తనే కొక్కేనికి తగిలించి, ఊడుతుందేమోనని ఒకసారి లాగి చూసింది.

"కమిటీ తొమ్మిదింటికి," అంది. "కాళ్ళు ఎనిమిదింటికి కడుగు. నీళ్ళు నలభై డిగ్రీలు. దీన్ని మాత్రం విప్పకు."